మానని దవడ పుండుకు ఆక్సిజన్ గది

గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరు. పొగాకు మీద పరిశోధనకు 1947లో రాజమండ్రిలో ఒక కేంద్ర సంస్థే వెలిసింది. ఇక చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉత్తర కోస్తా ఆడవాళ్లలో ఎక్కువ. దానికీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న లంకె గురించి డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే వైద్య పత్రికలో రాశారు.

నోటి క్యాన్సర్‌కు కణితి కోసి తీసేస్తారు. చాలామందికి ఆపైన రేడియేషన్, ఊళ్ల మాటలో ‘కరెంటు’, పెడతారు. అది సన్నని రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. దవడ ఎముక ఏళ్ల తరబడి బాగున్నట్టే ఉంటుంది. ఒకనాడు పుచ్చుపన్ను పీకిస్తే, రక్తం సరిగా అందక కొందరికి ఆ గుంట పూడదు. ఎముక బయటపడుతుంది, చీము పడుతుంది.

ఇలాంటి చోట వాడి చూసిందే హైపర్‌బారిక్ ఆక్సిజన్ వైద్యం. మామూలు గాలి పీల్చినా మన హిమోగ్లోబిన్ దాదాపు నిండుగానే ఉంటుంది, అదనంగా ఎక్కించేందుకు చోటుండదు. పీడనం పెంచితే మాత్రం, గోలీసోడాలో గ్యాస్ కరిగినట్టు, ఆక్సిజన్ నేరుగా ప్లాస్మాలో కరుగుతుంది. 1960లో ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ బూరెమా పందుల రక్తంలోంచి ఎర్రకణాలను దాదాపు పూర్తిగా తీసేసి, మామూలు గాలికి 3 రెట్ల పీడనంలో ఆక్సిజన్ ఇచ్చాడు. అవి బతికాయి!

రోగిని మూసిన గదిలో ఉంచి, 2 నుంచి 2.5 రెట్ల పీడనంలో సుమారు గంటన్నర ఆక్సిజన్ పీల్పిస్తారు. ఇలా 20 నుంచి 40 సార్లు. చెవులు దిబ్బడ వేస్తే ఉమ్మి మింగమంటారు. నిప్పు భయంతో అగ్గిపెట్టె, సెల్‌ఫోన్, సింథటిక్ బట్టలు లోపలికి రానివ్వరు. తలకు నూనె కూడా రాసుకోకూడదు.

ఫలితం? 1985లో అమెరికా వైద్యుడు రాబర్ట్ మార్క్స్ బృందం రేడియేషన్ అయినవారికి పళ్లు పీకే ముందు కొందరికి పెన్సిలిన్, కొందరికి ఈ ఆక్సిజన్ ఇచ్చింది. దవడ దెబ్బతిన్నవారు పెన్సిలిన్ వైపు 30 శాతం, ఆక్సిజన్ వైపు 5 శాతం. దాంతో దీనికి గిరాకీ పెరిగింది. కానీ 2019లో వెలువడిన బ్రిటన్‌వారి హోపాన్ అనే పరీక్షలో ఆక్సిజన్ తీసుకున్నవారిలో 6.4 శాతం, తీసుకోనివారిలో 5.7 శాతం మందికి దవడ పుండ్లు వచ్చాయి. అంటే తేడా లేదన్నమాట. అదే ఏడాది స్వీడన్ నాయకత్వంలోని మరో పరీక్షలో, రేడియేషన్‌తో మూత్రాశయం దెబ్బతిన్నవారికి మాత్రం మేలు కనిపించింది.

కాబట్టి ప్రతి గాయానికీ దీన్ని అమ్మజూపేవారిని నమ్మొద్దు. నోటి రేడియేషన్ మొదలయ్యే ముందే పళ్ల డాక్టరుకు చూపించుకోండి. అయ్యాక ఎప్పుడు పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, కరెంటు పెట్టించుకున్న సంగతి ముందుగానే చెప్పండి.