ఆల్బమ్‌లో బర్రె ఎక్కడ?

పెళ్లికి ఫొటో. పుట్టినరోజుకి ఫొటో. తిరుపతి వెళ్తే గుండుతో ఫొటో. మరి రోజూ పాలిచ్చిన బర్రెకి? తెల్లారకముందే లేచి కుడితి కలిపిన నాయనమ్మకి? ఊరు మారిపోయాక అందరూ వెతుక్కునేది ఆ ఫొటోల కోసమే. అందుకే... కొట్టంలోకీ ఓసారి కెమెరా పట్టుకెళ్లండి.

ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఓసారి తీసి చూడండి. మొదటి పేజీలో పెళ్లి. ఆ తర్వాత పిల్లాడి అన్నప్రాశన. మధ్యలో స్టూడియోకి వెళ్లి, తెర మీద గీసిన జలపాతం ముందు నిలబడి, టెలిఫోన్ రిసీవర్ చెవికి ఆనించుకుని దిగిన మేనత్త. ఎన్ని పేజీలు తిప్పినా కొట్టం కనిపించదు. గడ్డివాము కనిపించదు. ఇంటిల్లిపాదీ ఎవరి పాలు తాగి పెరిగారో ఆ బర్రె (కోస్తావాళ్లకైతే గేదె) అసలే కనిపించదు. ఒకవేళ కనిపించినా, ఎవరో ముందు నిలబడి ఫొటో దిగుతుంటే వెనకాల తోక మాత్రం పడి ఉంటుంది!

తప్పు ఎవరిదీ కాదు. రీలు ఖరీదు అలాంటిది. 36 ఫొటోల రీలు వేయిస్తే ఏడాది పండగలన్నీ అందులోనే సర్దుకోవాలి. రోజూ కళ్లెదుట ఉండేదాని కోసం రీలు ఎవరు తగలేస్తారు? ఆ లెక్క అప్పటికి న్యాయమే. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. రీలు ఖర్చు లేదు, కడిగించే పని లేదు. అయినా అలవాటు మాత్రం మారలేదు. కేకు కోస్తే వంద ఫొటోలు... కుడితి కలిపితే ఒక్కటీ ఉండదు.

దీనివల్ల పోయేదేమిటో తెలియాలంటే ఖాజాగూడ దాకా వెళ్లాలి.

గడ్డి మొలిచిన చోట గాజు

ఖాజాగూడ, నానక్‌రాంగూడ... పేర్లలోనే ఉంది ‘గూడ’. చిన్న పల్లె అని అర్థం. 1990ల దాకా హైదరాబాద్‌కు పడమట ఉన్న ఈ ఊళ్లన్నీ పొలాలూ చెరువులూ రాళ్లగుట్టలూ ఉన్న పల్లెలే. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం మహానగరంలో కలిసింది. 2008లో గచ్చిబౌలి, శంషాబాద్‌ల మధ్య ఔటర్ రింగ్ రోడ్డు తొలి భాగం తెరుచుకుంది. అంతా పదేళ్లలోనే! గడ్డి మొలిచిన చోట గాజు మేడలు మొలిచాయి.

అక్కడి గుట్టల మాటకొస్తే వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ రాళ్లనీ పగలగొడుతుంటే ఊరుకోలేక 1996లోనే కొందరు కలిసి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంస్థ పెట్టుకున్నారు. జనాన్ని గుట్టల మీదికి నడిపించుకెళ్లి చూపించారు, ఫొటోలు తీశారు, వాటితో ప్రచారం చేశారు. ఖాజాగూడ గుట్టకి ఇప్పుడు ఫొటోల కొరత లేదు. సూర్యోదయం చూడ్డానికి వెళ్లినవాళ్లూ, రాళ్లెక్కడం నేర్చుకునేవాళ్లూ తీస్తూనే ఉంటారు.

కదలని రాళ్లకే అన్ని ఫొటోలున్నాయి. మరి ఆ రాళ్ల నీడన మేసిన మందలకి? సాయంత్రం వాటిని ఇంటికి తోలుకొచ్చిన మనుషులకి? అలాంటి ఊళ్లలో పుట్టి పెరిగిన తాత ‘మన దొడ్డి ఇక్కడే ఉండేదిరా’ అని మనవడికి చెయ్యి చాపి చూపిస్తే ఎదురుగా కనిపించేది పార్కింగు స్థలం. తాత మాట నమ్మాలంతే. అదే ఓ ఫొటో ఉంటే... ఆ దొడ్డి ఎటువైపు తిరిగి ఉండేదో, గుంజకి ఏం కట్టేవాళ్లో, వెనకాల ఏ గుట్ట కనిపించేదో మనవడే చెప్పగలడు. ఇవాళ శంకర్‌పల్లిలో, చేవెళ్లలో, వికారాబాద్‌లో ఆవుల్ని మేపుకుంటున్నవాళ్లకి ఈ మాట మరీ ముఖ్యం. నగరం వాళ్లవైపే నడుస్తోంది మరి!

ఫొటోలన్నీ కోటలోనే

మన దగ్గర మంచి ఫొటోగ్రాఫర్లు లేక కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ పేరు ప్రపంచమంతా తెలుసు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. నవాబులు, దర్బారులు, వేట విడిదులు... ఆయన పలకల మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఏనుగులూ గుర్రాలూ ఉన్నాయి. కానీ ఆ ఏనుగుకి మేత కోసుకొచ్చిన వాడి ఇల్లు ఎలా ఉండేదో వెతికి పట్టుకోవడం కష్టం. డబ్బు పెట్టి పిలిపించుకున్నవాళ్లదే చరిత్ర అయింది.

ఆ లోటు కొంతైనా తీర్చినవాళ్లు తర్వాత వచ్చారు. వరంగల్‌లో పుట్టిన గుడిమల్ల భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల్లో తిరిగి, బతుకమ్మ పేర్చే ఆడవాళ్లనీ పాత ఇళ్ల గోడల్నీ తలుపుల్నీ ఓపిగ్గా ఫొటోలు తీశారు. 2022లో ఆయన కన్నుమూశారు. ఆయన తీసిన తలుపుల్లో ఎన్ని ఇవాళ గుమ్మాలకి ఉన్నాయో!

పాలు పితికిన చేత్తోనే...

ఇంటినీ పశువుల్నీ కలిపి ఫొటోలు తీయడంలో అమెరికా పశుక్షేత్రాలవాళ్లు మనకంటే ముందున్నారు. వాళ్లు రాంచ్ అంటారు. హద్దు కనిపించని పచ్చిక బయళ్లు, వాటి మీద మంద, మధ్యలో ఒంటరిగా ఓ ఇల్లు... అదీ రాంచ్ అంటే.

నెబ్రాస్కా రాష్ట్రంలో సాలమన్ బుచర్ అనే ఆయన 1886లో బండికి కెమెరా ఎక్కించుకుని బయల్దేరాడు. కొత్తగా వలసొచ్చిన రైతుల ఇళ్లకి వెళ్లడం, ఇంటిముందు కుటుంబాన్ని నిలబెట్టడం, పక్కనే గుర్రాన్నీ ఆవునీ నిలబెట్టడం, ఫొటో తీయడం! గడ్డి వేళ్లతో సహా పెళ్లగించిన మట్టిపెళ్లలతో కట్టిన ఇళ్లవి. ఓ ఇల్లాలికి ఆ మట్టిల్లు ఫొటోలో పడటం నామోషీ అనిపించింది. దాంతో ఇంట్లో ఉన్న ఆర్గాన్ వాద్యాన్ని బయటికి మోయించి, దొడ్లో దాని పక్కన అందరూ నిలబడి ఫొటో దిగారు. మన మేనత్త టెలిఫోన్ రిసీవర్ గుర్తొచ్చిందా? మనుషులు ఎక్కడైనా ఒక్కటే!

1899లో బుచర్ ఇల్లు కాలిపోయింది. రాసుకున్న కాగితాలన్నీ బూడిదయ్యాయి. ధాన్యం గాదెలో దాచిన గాజు పలకలు మాత్రం మిగిలాయి. 1912లో వాటిని నెబ్రాస్కా చరిత్ర సంఘం కొనుక్కుంది. సుమారు 3 వేల ఫొటోలు! ఆ ప్రాంతం తొలి రోజుల్లో ఎలా ఉండేదో చెప్పడానికి అవే ఆధారం.

ఇంకొకావిడ కథ మరీ బాగుంటుంది. ఎవెలిన్ కామెరాన్ ఇంగ్లండ్‌లో కలిగినవారింట పుట్టి, భర్తతో కలిసి మోంటానాలో పశువులు మేపుకోవడానికి వచ్చింది. పాలు పితికేది, కట్టెలు కొట్టేది, గుర్రాలు మాలిమి చేసేది. 1894లో కెమెరా పట్టింది. డబ్బులు అవసరమై ఫొటోలు అమ్మింది కూడా. ఆవిడ 1928లో చనిపోయాక ఆ పలకలు ఓ స్నేహితురాలి ఇంటి నేలమాళిగలో అలాగే ఉండిపోయాయి. 1970ల చివర్లో డోనా లూసీ అనే పరిశోధకురాలు వెతుక్కుంటూ వెళ్తేగానీ వెలుగు చూడలేదు. బయటి ఫొటోగ్రాఫర్ ఎవరొచ్చినా గంటసేపు ఉండి వెళ్తాడు. ఎవెలిన్ అక్కడే బతికింది కాబట్టి ఏ ఆవు ఎప్పుడు తల తిప్పుతుందో ఆవిడకి తెలుసు. మీ కొట్టం విషయంలో ఆ నైపుణ్యం మీకే ఉంది, ఏ పెద్ద ఫొటోగ్రాఫర్‌కీ లేదు.

సంగం షాట్

అంత దూరం ఎందుకు, ఖాజాగూడ నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని వెళ్తే వంద కిలోమీటర్ల లోపే జహీరాబాద్ వస్తుంది. దాని పక్కనే పస్తాపూర్. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత రైతు మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో బడి మొహం చూడనివాళ్లే ఎక్కువ. తమ విత్తనాలు, తమ చేలు, తమ పశువులు, తమ పనులు... అన్నిటినీ తామే తీశారు.

కెమెరా కోణాలకి వాళ్లు పెట్టుకున్న పేర్లు వింటే మీరు మర్చిపోరు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది ‘పటేల్ షాట్’. దొర కూలివాణ్ని చూసే చూపు. కిందినుంచి పైకి చూస్తే దొర ముందు నిలబడ్డ జీతగాడి చూపు. ఎదుటివాళ్ల కళ్లకి సమానంగా కెమెరా పెడితే... ‘సంగం షాట్’. సంఘంలో అందరూ సమానమే కదా! ఫొటోగ్రఫీ పుస్తకాలన్నీ తిరగేసినా ఇంతకంటే తేలిగ్గా ఈ పాఠం చెప్పడం కష్టం.

పశువుల ఫొటోలకీ ఇదే సూత్రం. నిలబడి దూడని తీస్తే వీపు తప్ప ఏమీ పడదు. మోకాళ్ల మీద కూర్చోండి. దాని కళ్ల ఎత్తులో కెమెరా పెట్టండి. అప్పుడు అది మీ వైపు చూసే చూపులో తేడా మీకే తెలుస్తుంది.

నల్ల బర్రె, తెల్ల ఎద్దు

బర్రెని తీయడంలో ఓ చిక్కుంది. నల్లగా ఉన్న దేన్ని చూసినా కెమెరా ‘అయ్యో, వెలుతురు చాల్లేదు’ అనుకుని ఎక్కువ వెలుతురు లాగేస్తుంది. దాంతో బర్రె బూడిద రంగులోకి మారి, వెనకున్న ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఫోన్ తెర మీద బర్రె ముఖం దగ్గర వేలితో తాకండి. చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కాస్త కిందికి జరపండి. తెల్లటి ఒంగోలు ఎద్దయితే ఇది తిరగబడుతుంది. అప్పుడు కాస్త పైకి జరపాలి.

మధ్యాహ్నం ఎండలో తీయొద్దు. పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం పొద్దు వాలేటప్పుడు పక్కనుంచి వచ్చే వెలుగులో చర్మం నిగనిగలాడుతుంది. మంద ఇంటికొచ్చే వేళకి మనవాళ్లు ‘గోధూళి వేళ’ అని ఊరికే పేరు పెట్టలేదు. పొద్దుకి ఎదురుగా నిలబడి తీస్తే గిట్టలు రేపిన దుమ్ము బంగారంలా మెరుస్తుంది.

ఫ్లాష్ వెయ్యొద్దు, బెదురుతాయి. వెనకనుంచి వెళ్లొద్దు, తన్ను తప్పదు. కొత్తగా ఈనిన ఆవుకీ దూడకీ మధ్యలోకి అసలే వెళ్లొద్దు. వాటిని రోజూ చూసుకునే మనిషిని పక్కన ఉంచుకోండి. ముందు పది నిమిషాలు కెమెరా తీయకుండా అక్కడే కూర్చోండి. కాసేపటికి మిమ్మల్ని మర్చిపోయి నెమరు వేసుకుంటాయి. మీరు తీయాల్సింది అప్పుడే. గంతులేసే లేగదూడకైతే పెద్ద కెమెరాలో వేగం సెకనులో 500వ వంతుకి తగ్గకుండా చూసుకోండి.

దీపావళి వెళ్లిన రెండో రోజు హైదరాబాద్‌లో యాదవులు జరిపే సదర్ చూడ్డానికి నారాయణగూడకి జనం పోటెత్తుతారు. పూలదండలేసుకున్న దున్నపోతులు ముందుకాళ్లెత్తి నిలబడితే వందల ఫోన్లు పైకి లేస్తాయి. ఆ ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. దానికి నీళ్లు పోసి, ఒళ్లు రుద్ది, నూనె పట్టించిన చేతుల ఫొటో ఎవరి దగ్గర ఉంటుంది? ఆ ఇంటివాళ్లు తీసుకుంటేనే ఉంటుంది.

‘నవ్వు నాయనమ్మా’ అనకండి

ఇంట్లోవాళ్ల విషయంలో ఒకటే మాట. నిలబెట్టకండి. ‘ఇటు చూడు, నవ్వు’ అనగానే నాయనమ్మ కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. పాలు పితుకుతున్నప్పుడు తీయండి. తాత పలుపు పేనుతున్నప్పుడు, అమ్మ పేడకళ్లు ఎత్తుతున్నప్పుడు, పిల్లలు దూడతో ఆడుతున్నప్పుడు తీయండి. ‘ఈ అవతారంలోనా?’ అని కోప్పడతారు. ఆ కోపాన్నీ ఓ ఫొటో తీయండి! కానీ నిజంగా వద్దంటే మాత్రం ఆపేయండి. మీ ఇల్లే అయినా వాళ్ల ముఖం వాళ్లది.

మనుషులే కాదు, చేతులు తీయండి. కుడితి తొట్టి, గడ్డికోసే కొడవలి, దండెం మీది గొంగడి, గుంజకి అరిగిన గుర్తు... విడివిడిగా తీయండి. ఏడాదికోసారి ఒకేచోట నిలబడి ఇంటినీ కొట్టాన్నీ కలిపి తీయండి. పదేళ్లు గడిస్తే ఆ పది ఫొటోలే ఓ కథ చెబుతాయి.

పేరు రాయకపోతే...

తీసినంత మాత్రాన పని అయిపోలేదు. పాత ఫొటో చేతికొస్తే ముందు అడిగేది ‘వీళ్లెవరు?’ అనే కదా. అందుకే ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎవరెవరు... అన్నీ రాయండి. బర్రె పేరూ రాయండి. మన ఇళ్లలో పశువులకి పేర్లుంటాయి, అలకలుంటాయి, ఎవరి చేతికైతే పాలిస్తుందో వాళ్లుంటారు. ఆ సంగతులు తెలిసినవాళ్లకి వయసు మీద పడుతోంది. ఫొటో చూపించి వాళ్లనే అడగండి. ఒక్క ఫొటో చాలు, గంటసేపు చెబుతారు. వాళ్ల మాటలు అదే ఫోన్లో రికార్డు చేసుకోండి.

ఇక ఫోన్లోనే ఉంచుకుంటే ఫోన్‌తోపాటే పోతాయి. మంచివి ఓ 20 ఏరి అచ్చు వేయించండి. ఇంకో నకలు వేరే ఊళ్లో ఉన్న అన్నయ్యకో, అక్కకో పంపండి. బుచర్ ఫొటోలు ఇవాళ ఉన్నాయంటే పలకలు ఇంట్లో కాకుండా గాదెలో ఉండబట్టే!

వచ్చే సంక్రాంతికి ఊరెళ్తారుగా. ముగ్గులు తీయండి, గొబ్బెమ్మలు తీయండి, కొత్తబట్టల్లో పిల్లల్ని తీయండి. కనుమ వెళ్లాక, పూలదండలన్నీ వాడిపోయాక, ఎప్పటిలాగే తెల్లారుజామున ఎవరో ఒకరు చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళ్తారు. ఆ రోజు కాస్త ముందుగా నిద్రలేవండి.