ఇంటిబండి ప్రయాణము

పెంటపాడు తాడేపల్లిగూడెమునకు చేరువనున్న గ్రామము. చుట్టును వరిపొలములు, కాలువలు. బస్సులు విరివిగా తిరుగని కాలమున ఈ సీమలో రెండు మూడు దినముల ప్రయాణము తటస్థించినచో గృహస్థుడు సగము ఇంటిని తన వెంట కొనిపోయెడివాడు. గూడుబండి అడుగున వరిగడ్డి దట్టముగా పఱచి, దానిపై జంపఖానా వేసి, బియ్యము, పప్పు, చింతపండు, ఊరగాయజాడి, చెంబులు, లాంతరు సర్దుకొనెడివారు. ఎద్దులకు కావలసిన ఉలవలును మఱువరు. ప్రొద్దు గ్రుంకువేళకు చెఱువుగట్టున బండి విప్పి, మూడు రాళ్లు పేర్చి అన్నము వండుకొని, పిల్లలను బండిలోనే నిద్రపుచ్చెడివారు. తెల్లవాఱకముందే మరల ప్రయాణము.

నేడు కేంపరువాను అని పిలువబడు మోటారుబండి ఈ గూడుబండికి మనుమరాలని చెప్పవచ్చును. దానిలో పడకలు, చిన్న గ్యాసుపొయ్యి, నీటితొట్టి, మరుగుదొడ్డి యుండును. ఎద్దులకు బదులు యంత్రము లాగును. అంతియే భేదము. తక్కిన చిక్కులన్నియు పాతవే: మంచినీరెక్కడ దొరకును? రాత్రి ఎక్కడ నిలువవలెను? వాడిన నీటిని ఎక్కడ పాఱబోయవలెను?

గోదావరి మండలమున ఇంటివంటి వాహనము మఱియొకటి యుండెను. అది పడవ. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట కట్ట నారంభించి 1852 నాటికి పూర్తిచేసెను. దానినుండి త్రవ్విన ప్రధానమైన కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకు త్రోవలు కూడ నైనవి. గోదావరి నీరు తూర్పునుండియు, కృష్ణ నీరు బెజవాడ మీదుగా పడమటినుండియు వచ్చి ఏలూరున కలసికొనును. కావున బెజవాడలో పడవ ఎక్కినవాడు ఏలూరువఱకు ప్రవాహముతో దిగివచ్చి, అచ్చటనుండి నిడదవోలు వైపునకు ప్రవాహమున కెదురుగా పోవలసియుండెను. గాలి యనుకూలించిన తెరచాప ఎత్తెడివారు. లేనిచో పడవవాండ్రు గట్టుమీద నడచుచు త్రాటితో లాగెడివారు.

కాలువలో నీటిమట్టము ఒక్కచోట హఠాత్తుగా దిగిపోవును. అచ్చట పడవ దాటుట ఎట్లు? అందులకే లాకులు కట్టిరి. లాకనగా రెండు తలుపుల నడుమనున్న రాతికట్టడపు గది. ఎగువనుండి వచ్చిన పడవ గదిలో ప్రవేశింపగానే వెనుకతలుపు మూయుదురు. క్రిందితలుపునందలి తూములద్వారా నీటిని మెల్లగా వదలగా, గదిలోని నీటితోపాటు పడవయు దిగును. లోపలి మట్టము దిగువమట్టముతో సమానమైనపుడు క్రిందితలుపు తెఱచుకొనును. ఎగువకు పోవు పడవకు ఇదియే పని తలక్రిందులుగా జరుగును. వంతుకొఱకు వేచియున్నంతసేపు ప్రయాణికులు గట్టుపై వంటచేసికొనెడివారు. తొందరపడి లాభము లేదు. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గనుక, ఆ దినములు తెలిసికొనకుండ బయలుదేఱినవాడు నడిమార్గమున చిక్కుకొనవలసినదే.

త్రోవ వివరములు ముందుగా తెలిసికొనుట ఎంత ముఖ్యమో ఏనుగుల వీరాస్వామయ్య బాగుగ నెఱిగినవాడు. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో కాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. ప్రతి మజిలీలోను నీటివసతి యెట్లున్నది, అంగళ్లలో ఏమి దొరకును, దిగుటకు తగిన తావు కలదా యను సంగతులను ఆయన విసుగులేక వ్రాసెను. గుడిగోపురముల వర్ణనలకంటె ఆ మాటలే వెనుక వచ్చు బాటసారి కెక్కువ ఉపకరించినవని తలచుట తప్పు కాదు.

ఇంటిబండి ప్రయాణము నేడు బహుళముగా సాగు దేశములలో ఐర్లండు ఒకటి. అచ్చటి డబ్లిను నగరమున తెలుగు కుటుంబములును కలవు. ఆ దేశపు పడమటి సముద్రతీరము వెంట సుమారు 2500 కిలోమీటర్ల యాత్రామార్గమును 2014లో ఏర్పఱచిరి. మనవలెనే వారును ఎడమవైపున బండి నడుపుదురు గాన మనవారికి ఆ చిక్కు లేదు. కాని పల్లెబాటలు మిక్కిలి ఇఱుకు. ఇరుప్రక్కల రాతిగోడ లుండుటచే ఎదుటినుండి బండి వచ్చినపుడు ఒకరు వెనుకకు పోక తప్పదు. అనుభవజ్ఞులు ఇంటిబండితో నగరమధ్యమునకు పోరు. ఊరివెలుపల దానిని నిలిపి, ట్రాములోనో బస్సులోనో పోయి నగరము చూచి వత్తురు. సముద్రపుటొడ్డున పెక్కు నిలుపుదల స్థలములకు ఎత్తైన బండ్లు దూరకుండ అడ్డుకమ్ములు బిగించియుందురు. రాత్రులు నిలిచి చెత్తయు, మురికినీరును విడిచిపోవు యాత్రికులతో ఊరివారు విసిగినప్పుడు ఇట్టి కమ్ములు వెలయుట సహజమే గదా.

ఈ జాగ్రత్తలన్నియు కొల్లేటి యాత్రకు అక్షరాల సరిపోవును. పెంటపాడునుండి తాడేపల్లిగూడెము చేరి, జాతీయరహదారి మీదుగా పడమటికి పోయిన ఏలూరు వచ్చును. పాత ఏలూరు వీథులు ఇఱుకైనవి. తమ్మిలేటి వంతెనలవద్దను, అంగళ్లవద్దను రద్దీ యెక్కువ. పెద్దబండిని వెలుపల విశాలమైన తావున నిలిపి, ఆటోలో లోపలికి పోవుట మేలు. ఉన్నితివాచీల నేతకు ఏలూరు చిరకాలముగా పేరుగన్నది. మగ్గము నడచుచోట, నేతగాండ్ర అనుమతితో, కొంతసేపు నిలిచి చూడవలెను. ఒక్కొక్క ముడి వేయుటలో గల ఓర్పు అప్పుడు తెలియును. బండిలోని మంచినీటితొట్టిని ఏలూరుననే నింపుకొనుట మఱువరాదు.

ఏలూరునుండి కైకలూరునకు పోవు రహదారి కొల్లేటిని దాటును. కృష్ణాగోదావరుల డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు వచ్చి చేరును. ఇన్నింటి నీరు సముద్రమును చేరుటకు ప్రధానమైన దారి ఉప్పుటేరు ఒక్కటే. ఏరులు ఒక్కసారిగా పొంగినపుడు నీరు పోవుచోటు చాలక సరస్సు ఉబ్బును. 2024 సెప్టెంబరులో బుడమేటి వఱద వచ్చినపుడు చినఎడ్లగాడివద్ద ఈ రహదారి నీట మునిగి రాకపోకలు నిలిచిపోయినవి. కాబట్టి వర్షకాలమున ఇటు రాదలచువారు ముందుగా త్రోవ విచారింపవలెను. నీరు పాఱుచున్న రోడ్డుపై లోతు తెలియక బండి దింపుట ప్రాణాపాయము. నీరు తక్కువగా కనబడినను అడుగున కోత పడియుండవచ్చును.

అక్టోబరునుండి మార్చివఱకు యాత్రకు అనువైన కాలము. అప్పుడు దూరదేశపు పక్షులు వలసవచ్చును. క్రొత్తగా వచ్చువాడు తీరములేని జలరాశిని ఊహించుకొని వచ్చి, మొదట చేపలచెఱువులను, వాని గట్లను చూచి నిరుత్సాహపడును. ఆ గట్లకును ఒక కథ కలదు. సరస్సు గర్భములో చెఱువులు అంతకంతకు పెరిగి, నీటిదారులు ముడుచుకొనిపోయినవి. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తువఱకుగల భాగమును వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్సార్ పట్టికలో చేరెను. 2006లో అభయారణ్యములోని చెఱువుల గట్లను పెద్దయెత్తున కొట్టివేసిరి. చెఱువులపై బ్రదుకుచున్నవారి కష్టమొకవైపు, సరస్సు బ్రదుకు మఱియొకవైపు. ఈ తగవు ఇంతతో తీఱలేదు. లంకగ్రామములవారితో మాటాడునపుడు యాత్రికుడు ఈ సంగతి నెఱిగి, తీర్పులు చెప్పక వినుట మర్యాద.

కైకలూరునకు చేరువనున్న ఆటపాకలో గూడబాతులను దగ్గఱనుండి చూడవచ్చును. ఇది బరువైన పెద్దపక్షి. ముక్కుక్రింద తోలుసంచి వ్రేలాడుచుండును. ఆ సంచితో చేపలను నీటితోసహా ముంచి, నీటిని జాఱవిడిచి చేపలను మ్రింగును. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున ఈ పక్షులు గుంపుగా గూళ్లు కట్టుకొనుచోటును కనుగొనెను. 1970 దశకమునకు ఆ గూళ్లు మాయమైనవి. ఇప్పుడు ఆటపాకలో చెట్లపైననే కాక, అటవీశాఖవారు నాటిన ఇనుపస్తంభములపైనను గూళ్లు కట్టి పిల్లలను పెంచుచున్నవి. ఒకసారి లేచిపోయిన పక్షులు గనుక వానిని బెదరింపరాదు. హారను మ్రోగించుట, పాటలు పెట్టుట, గూళ్లక్రిందికి పోవుట కూడదు. నీటిపై పోదలచినవారు అటవీశాఖవారి పడవలోనే పోవలెను.

రాత్రి అభయారణ్యములో గాని, చేపలచెఱువుల గట్లపై గాని బండి నిలుపరాదు. ఆ గట్లు మెత్తనివి, బరువైన బండి దిగబడును. అదియు గాక, చేపలు దొంగిలింపవచ్చిరని కాపలావారు అనుమానింతురు. కైకలూరులో గాని, ఏదైన గ్రామములో స్థలయజమాని అనుమతి పొంది గాని నిలుచుట సుఖము. కాలువ వంతెనలవద్ద బరువు తెలుపు పలకను చదువవలెను. ఊరిలో క్రిందికి వ్రేలాడు విద్యుత్తుతీగలను చూచుటకు ఒకరు దిగి ముందు నడచుట మంచిది. గ్యాసుపొయ్యి వెలిగించునపుడు కిటికీలు తెఱచియుంచి, పండుకొనబోవుముందు సిలిండరు మీట కట్టివేయవలెను. ఫాల్గుణమాసమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకు వేలకొలది జనులు వత్తురు. పూర్వము భక్తులు దోనెలలో పోయెడివారు. ఆ దినములలో పెద్దబండితో పోవుట తనకును ఇతరులకును తొందర.

అన్నిటికంటె ముఖ్యమైనది మురికినీరు. గూడుబండి కాలమున గిన్నెలు బూడిదతోను, మట్టితోను తోమెడివారు. ఆ నీరు నేలలో ఇంకిపోయెడిది. నేటి బండిలో సబ్బునురుగు, మరుగుదొడ్డి మందులు కలిసిన నీరు తొట్టిలో నిలువయుండును. కొల్లేరు లోతు తక్కువ సరస్సు. దానిలో పడినది త్వరగా వెడలిపోదు. పట్టణముల మురుగును, పొలముల ఎరువులును ఇదివఱకే అందు చేరుచున్నవి. యాత్రికుని తొట్టి చిన్నదే కావచ్చును. కాని ఆ తొట్టి ఖాళీచేసిన కాలువలోనే దిగువనున్న లంకవారు పశువులను కడుగుదురు, వలలు వేయుదురు.

తిరుగుప్రయాణమున వచ్చిన త్రోవనే రానక్కఱలేదు. కైకలూరునుండి తూర్పుగా పోయి, ఉప్పుటేరు దాటి, ఆకివీడు, ఉండి, భీమవరముల మీదుగా పెంటపాడు చేరవచ్చును. ఉప్పుటేటి వంతెనకడ, త్రోవ కడ్డములేనిచోట బండి నిలిపి చూచినచో కొల్లేటి నీరంతయు సముద్రమునకు పోవు సన్ననిదారి కనబడును. ఇల్లు చేరినవెంటనే మురికితొట్టిని ఇంటి మరుగుదొడ్డి గుంటలో ఖాళీచేసి, మంచినీటితొట్టిని కడిగి, మూత తెఱచి ఎండలో ఆఱబెట్టవలెను.