ధ్రువ సముద్రాల ఆమ్లీకరణం

వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు) కరగడం వలన సముద్రజలం యొక్క పి.హెచ్. విలువ తగ్గడాన్ని సముద్ర ఆమ్లీకరణం అంటారు. మానవ కార్యకలాపాల వలన వెలువడే ఈ వాయువులో దాదాపు నాలుగో వంతును సముద్రాలు గ్రహిస్తున్నాయి. పారిశ్రామిక విప్లవం నాటినుండి ఉపరితల జలాల పి.హెచ్. సగటున సుమారు 0.1 తగ్గింది. ఇది లాగరిథమ్ కొలమానం కాబట్టి, హైడ్రోజన్ అయాన్ల గాఢత సుమారు 30 శాతం పెరిగిందన్నమాట. సముద్రజలం నేటికీ క్షారగుణం కలదే. ఆ గుణం క్రమంగా తగ్గుతున్నది.

ధ్రువ జలాల ప్రత్యేకత

చల్లని నీటిలో వాయువులు ఎక్కువగా కరుగుతాయి. అందువలన ధ్రువ జలాలలో కార్బొనేట్ అయాన్లు సహజంగానే తక్కువ. ఆమ్లీకరణం వలన అవి ఇంకా తగ్గినపుడు, కాల్షియం కార్బొనేట్ యొక్క ఒక రూపమైన ఆరగొనైట్ కరగడం మొదలవుతుంది. లిమాసినా హెలిసినా అనే చిన్న ఈదే నత్త తన గుల్లను ఆరగొనైట్‌తోనే నిర్మించుకుంటుంది. రెక్కల వంటి అవయవాలతో ఈదే ఇటువంటి నత్తలను 'సముద్రపు సీతాకోకచిలుకలు' అంటారు. చేపలకు, తిమింగలాలకు, సముద్రపక్షులకు ఇవి ఆహారం.

క్షేత్ర పరిశోధనలు

2010 వేసవిలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో, నీ-ఓలెసుండ్ గ్రామం వద్దనున్న కాంగ్స్ ఫియోర్డ్‌లో ఐరోపా శాస్త్రవేత్తలు ఒక పెద్ద ప్రయోగం జరిపారు. భారతదేశపు 'హిమాద్రి' పరిశోధనా కేంద్రం కూడా 2008 నుండి ఈ గ్రామంలోనే ఉన్నది. సుమారు 17 మీటర్ల పొడవు గల తొమ్మిది భారీ ప్లాస్టిక్ సంచులను సముద్రంలో నిలిపి, ప్లవకాలతో సహా నీటిని వాటిలో బంధించారు. ఏడింటిలో కార్బన్ డయాక్సైడ్‌ను వేర్వేరు మోతాదులలో పెంచి, రెండింటిని పోలిక కొరకు యథాతథంగా ఉంచారు. ఆ వాయువు అధికంగా ఉన్నచోట అతి సూక్ష్మమైన వృక్షప్లవకాలు బాగా వృద్ధి చెందాయి. అనగా ఆమ్లీకరణం గుల్లలనే కాక ఆహారపు గొలుసు మొదటి మెట్టును కూడా మార్చగలదు.

దక్షిణాన, 2008లో 'జేమ్స్ క్లార్క్ రాస్' అనే బ్రిటిష్ నౌక నుండి స్కోషియా సముద్రంలో సజీవమైన నత్తలను సేకరించారు. లోతునుండి పైకి ఉబికే నీరు ఉన్నచోట దొరికిన నత్తల గుల్లలు తీవ్రంగా కరిగి ఉన్నట్లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించింది. ఈ ఫలితాలు 2012లో 'నేచర్ జియోసైన్స్' పత్రికలో వెలువడ్డాయి.

ప్రాముఖ్యత

ప్రయోగశాలలో గుల్లలు కరగడాన్ని శాస్త్రజ్ఞులు అంతకు ముందే గమనించారు. స్వేచ్ఛగా జీవించే ప్రాణులలో సైతం ఈ నష్టం మొదలైనదని క్షేత్ర పరిశోధనల వలననే తేలింది.