ఆడుగుఱ్ఱము ఎదకాలమునందు చూపు పెంకితనమును గూర్చి రైతులు తెలిసికొనదగిన సంగతులు

గరివిడి, చీపురుపల్లి ప్రాంతముల రైతులకు ఆవు ఎదయు గేదె ఎదయు క్రొత్త సంగతులు కావు. ఆవు ఎదకు వచ్చినచో అరచును, తోడి పశువులపై ఎక్కును, ఒక దినము గడవకమునుపే చల్లబడును. గేదె ఎద బయటికి కనబడకయే పోవుటయు కలదు. ఈ అనుభవమునే కొలబద్దగా పెట్టుకొని ఆడుగుఱ్ఱమును చూచువారు మోసపోవుదురు. ఆడుగుఱ్ఱము ఎద ఒక దినముతో తీరదు. సామాన్యముగా 5 మొదలు 7 దినములవఱకు నిలుచును. మొదటి దినమున ఓర్చుకొన్న యజమానుడు, నాలుగవ దినమునందును అది పగ్గము లాగుచు, జీను వేయబోయిన విదలించుకొనుచుండుట చూచి, ఇది చెడ్డ జంతువని నిశ్చయించి కొరడా పట్టును. లేదా వచ్చిన వెలకు అమ్మివేయును. రెండును నష్టమే.

విజయనగరము వీధులలో జట్కాలు తిరిగిన కాలము గతించినది. అయినను పాడేరు మన్యమునందు సరకులు మోయుటకు గుఱ్ఱములను నేటికిని వాడుచున్నారు. పల్లపు ప్రాంతములలో పెండ్లి ఊరేగింపులకును, ముచ్చటకును పెంచువారు కలరు.

ఎదకు వచ్చిన ఆడుగుఱ్ఱము తోక యెత్తి ప్రక్కకు ఒత్తిగించును. కాళ్ళు ఎడముచేసి కొంచెము కొంచెముగా మూత్రము విడుచును. యోనిద్వారమును మాటిమాటికి తెఱచి మూయును. ఇతర గుఱ్ఱములను చూచి సకిలించును. నడుముపై చేయి వేసిన కొన్ని సహింపవు. ఇచ్చట ఒక్క సంగతి ముఖ్యము. మగగుఱ్ఱము దగ్గఱకు రాగా చెవులు వెనుకకు మడచి, కీచుమని అరచి తన్నునది చాలవఱకు ఎదలో లేనిది. ఆ తన్నును ఎదగా భ్రమించి జతపఱుపబోయిన మగగుఱ్ఱమునకో, పట్టుకొన్న మనిషికో కాలు విఱుగును. పరీక్షింపవలసివచ్చినచో నడుమ గట్టి గోడయో దూలమో ఉండవలయును.

ఎద 21 లేక 22 దినములకొకసారి తిరిగి వచ్చును. చలిదేశములలో పగలు కుఱుచయగు శీతకాలమున ఇది ఆగిపోవును. గరివిడి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము పైననున్నది. ఇచ్చట మిక్కిలి పెద్ద పగటికిని మిక్కిలి చిన్న పగటికిని భేదము రెండు గంటలకు రమారమి మాత్రమే. కావున పుష్యమాసమునందును కొన్ని ఎదకు వచ్చుట వింత కాదు.

యజమానుడు చేయవలసిన మొదటిపని దినములు లెక్కించుట. పెంకితనము మొదలైన నాడును, తీరిన నాడును గోడమీది పంచాంగముపై గుర్తు వేయవలయును. మూడు నెలలు ఇట్లు చేసిన సంగతి తనంతట తేలును. గుర్తులు మూడు వారములకొకసారి గుంపుగా పడినచో అది ఎదయే. నెల పొడుగునను ఒకే తీరుగ నున్నచో కారణము వేఱు: జీను ఒఱపిడి పుండు, పంటి మొన, నడుమునొప్పి, మూత్రకోశవ్యాధి. గర్భసంచిలో ఉంచిన గాజుగోలీతో ఎద నిలుచునని కొందఱందురు. దానివలన హాని కలుగుటయు కలదు గనుక దాని జోలికి పోరాదు.

ఎద దినములలో పనిని తగ్గింపవచ్చును గాని పూర్తిగా మాన్పరాదు. తీరికగా కట్టివేసి ఉలవగుగ్గిళ్ళు యథాప్రకారము పెట్టినచో ఆ బలమంతయు తన్నులుగా వెలువడును. దాణా కొంత తగ్గించి గడ్డి, నీరు సమృద్ధిగా నీయవలయును. సంతకును, బాజాల ఊరేగింపునకును ఆ వారము తీసికొనిపోరాదు. పెండ్లివారికి మాట యిచ్చుటకుముందే పంచాంగములోని గుర్తులు చూచుకొనిన పేచీ యుండదు. సమీపించునపుడు మాటాడుచు భుజమువైపునుండి పోవలయును; వెనుకనుండి పోరాదు. పిల్లలను ఆ సాలలోనికి పంపుట బొత్తిగా కూడదు. కొట్టిన పెంకితనము తగ్గదు. ఎద తీరినపిమ్మటను మనిషిని చూచిన బెదరుట మాత్రము మిగులును.

పెంకితనము పోవుటకని చూలు కట్టింపుమని సలహా చెప్పువారు అనేకులు. చూలు 11 నెలలు మోయవలయును. ఈనిన 7 మొదలు 10 దినములలో మరల ఎద రావచ్చును. పుట్టిన పిల్లను పెంచుట వేఱొక వ్యయము. పిల్ల కావలసినవారే ఆ పనికి పూనవలయును. అట్టివారు సంపర్కమువలన అంటు రోగములు లేవని మగగుఱ్ఱమును ముందుగ పరీక్ష చేయింపవలయును.

ఎడతెగక మగగుఱ్ఱమువలె ప్రవర్తించుచు, మనుష్యులపైకి వచ్చుచున్నచో అండాశయమున కంతి యుండవచ్చును. అట్టిదానిని వైద్యుడు పరీక్షించి శస్త్రచికిత్సతో తీసివేయును. గరివిడియందే పశువైద్య కళాశాల యున్నది. అచ్చటికి పోవునపుడు గుర్తులు వేసిన పంచాంగమును వెంట తీసికొనిపోవలయును. ఎదను కొంతకాలము నిలుపుటకు ఆల్ట్రెనోజెస్ట్ అను మందు కలదు. దానిని దినదినము నోట పోయుదురు. వైద్యుని ఆజ్ఞలేక వాడరాదు. అది చర్మముగుండ ఒంటిలోనికి ఎక్కును గనుక చేతితొడుగులు లేక ముట్టరాదు. గర్భిణీస్త్రీలు ఆ సీసాను తాకనే తాకరాదు.