ఫ్లోటేషన్ ట్యాంక్‌లో మూడు గంటలు: నా స్లీప్ స్కోర్ పెరిగిందా?

ఈసారి రివ్యూ ఫోన్‌ది కాదు, ఫోన్ తీసుకెళ్లడానికి వీల్లేని ఒక పెట్టెది.

నాది ఆన్-కాల్ డ్యూటీ. సర్వర్ డౌన్ అయితే రాత్రి రెండింటికైనా ఫోన్ మోగుతుంది. ఆరు నెలలకి మోగకపోయినా మెలకువ వచ్చేయడం మొదలైంది. నిద్ర చాలని ఓ మధ్యాహ్నం ప్రొడక్షన్‌లో ఒక టేబుల్‌కి బదులు ఇంకో టేబుల్ డిలీట్ చేసేశా. బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయా. ఆ వారమే బెంగళూరులో ఒక ఫ్లోట్ సెంటర్‌లో గంట చొప్పున మూడు సెషన్లు బుక్ చేశా.

ట్యాంక్‌లో దాదాపు 25 సెంటీమీటర్ల లోతు నీళ్లు, అందులో వందల కిలోల ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. ఈత రాకపోయినా మునగం. నీళ్లు సుమారు 35 డిగ్రీలు, మన చర్మం వేడికి దగ్గర. కాసేపటికి ఒళ్లెక్కడ ఆగిందో, నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలీదు.

1954లో అమెరికాలో జాన్ లిల్లీ దీన్ని తయారుచేసింది, వెలుతురు, చప్పుడు లేకపోతే మెదడు దానంతటదే నిద్రపోతుందా అని చూడటానికి. పోలేదు! 1970ల్లో దీన్ని అమ్మకానికి తెచ్చిన గ్లెన్ పెర్రీ మనలాగే ప్రోగ్రామర్. కంపెనీ పేరు 'సమాధి'. ఫోన్‌లో చెప్తే మా అమ్మ, "శుభమా అని పడుకోడానికి వెళ్తూ ఆ పేరేంట్రా" అంది.

మొదటి సెషన్ వేస్ట్. పొద్దున్నే షేవ్ చేసుకుని వెళ్లా, ఉప్పుకి గడ్డం భగ్గుమంది. లాకర్‌లో ఫోన్ మోగుతోందేమో అన్న ధ్యాసే. రెండోసారి మెడ వదిలేయడం వచ్చింది. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. మూడోసారి గంట ఎలా అయిపోయిందో తెలీలేదు.

వాచ్ మాత్రం బయటే పెట్టా. ఐపీ68 టెస్ట్ మంచినీళ్లలో చేస్తారు, ఈ ఉప్పునీళ్లకి అది వర్తించదు. ఫ్లోట్ చేసిన మూడు రాత్రులూ వాచ్ ఏడు గంటలు దాటి చూపించింది, మిగతా రాత్రులు మళ్లీ ఐదే. అమెరికాలోని టల్సాలో 50 మందిపై జరిగి 2018లో వచ్చిన స్టడీ కూడా ఒక్క గంట సెషన్ తర్వాత ఆందోళన తగ్గిందనే చెప్పింది, నిద్ర సమస్య పోయిందని కాదు.

డౌట్ వచ్చి ఒక శనివారం ట్యాంక్ లేకుండా, ఫోన్ స్విచాఫ్ చేసి హాల్లో పెట్టి పడుకున్నా. ఆరున్నర గంటలు!

నాలుగో సెషన్ బుక్ చేయలేదు. ఆ స్క్రీన్‌షాట్లు మేనేజర్‌కి చూపించి, రాత్రి ఆన్-కాల్ నెలకి ఒక్క వారమే ఇమ్మని అడిగా. వచ్చే నెల నుంచి చూద్దామన్నాడు.