కల్లు రుచి

మద్యమును గూర్చి సాహిత్యపుటలలో వ్రాయుట తగునా యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. పానమును పొగడుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. ఒక రుచి ఉన్నది; దాని వెనుక ఒక వృత్తి ఉన్నది; ఆ వృత్తిని అంటిపెట్టుకొని కొన్ని మాటలున్నవి. ఈ మూడును మన కన్నులయెదుటనే సన్నగిల్లుచున్నవి. భాషను చెప్పి బ్రతుకువాడు ఇట్టి విషయమున మౌనము వహించుట న్యాయము కాదు.

పాశ్చాత్యులు తమ మద్యముల రుచిని వర్ణించు తీరు చూడదగినది. స్కాట్లండులో బురదనేలలయందు వేలయేండ్లుగా మ్రగ్గి గట్టిపడిన మొక్కల మన్ను కలదు. దానిని పీట్ అందురు. దానిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగపై మొలకెత్తిన యవలను ఆరబెట్టుదురు. ఆ పొగవాసన విస్కీలో చివరివరకు నిలిచియుండును. కనీసము 3 సంవత్సరములు ఓక్ పీపాలలో నిలువయుంచనిదే దానికి స్కాచ్ అను పేరు చెల్లదు. స్పెయిన్ దేశపు షెర్రీ ఉంచిన పీపాలలో పోసినచో ఎండుద్రాక్ష తీపి దానికబ్బును. నార్వే దేశీయులు లినియే అను తమ మద్యమును షెర్రీ పీపాలకెత్తి, ఓడపై భూమధ్యరేఖను రెండుమారులు దాటించి తెత్తురు. ఇట్టివానిని చవిచూచువారు పొగ యనియు, సముద్రపు నాచు అనియు, ఉప్పుగాలి యనియు ఒక్కొక్క రుచిని వేరుచేసి పేరుపెట్టుదురు. ఆ పేర్లతో పుస్తకములే వెలసినవి.

మన కల్లుకు అట్టి మాటలు లేవా? సామెతలను వెదకినచో నిరాశయే మిగులును. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురు. అదుపు తప్పినవానిని కల్లు త్రాగిన కోతితో పోల్చుదురు. వీనిలో త్రాగినవాని అపకీర్తి ఉన్నది గాని త్రాగిన దాని రుచి లేదు. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గీతకాండ్రను అడిగి చూడుడు. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాళ్ళలోను పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని భేదములు కలవు. ప్రొద్దుటి కల్లు రుచి మాపటి కల్లుకు లేదు. స్కాట్లండువారు ఒకే బట్టీలో దిగిన సరకును సింగిల్ మాల్ట్ అని గర్వముగా చెప్పుకొందురు. ఇచ్చట ఒక చెట్టు కల్లులో మరియొక చెట్టు కల్లు కలిసిన నోట పెట్టని రసికులున్నారు.

కోరుట్ల చెంత ఒక తాళ్ళవనమున, తెల్లవారుచుండగా దింపిన లొట్టిలోని కల్లును నేనును చవిచూచితిని. గీతకాడు తాటాకును మడిచి దొప్పగా నా చేతికిచ్చి, ఎత్తునుండి ధార పోసెను. పాలవంటి తెలుపు, పైన సన్నని నురుగు. మొదట తగిలినది పచ్చియాకు వాసన. దాని వెంట తడిసిన మట్టికుండ వాసన. నాలుక కొసను తీపి తోచును. అంతలోనే సన్నని చురుకు, దాని వెనుక పులుపు. మ్రింగిన పిదప అంగిట కొంచెము ఒగరు నిలుచును. సూర్యుడు బారెడెక్కిన తరువాత అదే లొట్టినుండి మరియొక గ్రుక్కెడు పోసిరి. తీపి సగము తరిగినది. పులుపు ముందునకు వచ్చినది. రెండు గడియలలో అది వేరొక పానీయమైనది.

కారణము తెలిసినదే. తాటిగెలను ఉదయ సాయంకాలములు పలుచగా గీయగా దిగు నీరు మొదట తియ్యనిది. గాలిలోను, కుండలోను ఉన్న సూక్ష్మజీవులు ఆ తీపిని మత్తుగా మార్చును. పిదప పులుపుగా మార్చును. లొట్టిలోపల సున్నము పూసినచో ఆ మార్పు నిలిచి నీరా యగును. విస్కీకి కాలము మిత్రము, కల్లుకు శత్రువు. విస్కీ సముద్రము దాటి విలువ పెంచుకొనును. కల్లు మరునాటికే చెడును. అయినను కల్లుకు పక్వత లేదనరాదు. తాడిచెట్టు గీతకు వచ్చుటకు పదునైదేండ్లవరకు పట్టును. స్కాట్లండువారి కాలము పీపాలో గడచును. మనవారిది చెట్టులో గడచును.

ఈ మూడు పట్టణముల చుట్టుపట్ల పల్లెలనుండి సముద్రము దాటినది కల్లు కాదు, మనుష్యులు. గల్ఫు దేశములకు కూలికి పోయినవారు లేని వాడకట్టు అరుదు. సౌదీ, కువైటులలో మద్యము నిషిద్ధము. యేండ్లకు ఇల్లు చేరినవాడు తెల్లవారుజామున తాళ్ళలోనికి నడచిన, అది మత్తుకొరకే యనుకొనుట పొరపాటు. ఏ సీసాలోను వెంట తీసికొనిపోరాని ఊరి రుచి యది.

ఆ రుచికే నేడు ముప్పు వచ్చినది. చెట్లు తక్కువ, త్రాగువారు ఎక్కువ. ఆ లోటును నీటితో, సాక్రీనుతో, క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము వంటి మందులతో పూడ్చు నీచవ్యాపారము తెలంగాణమున పాతుకొన్నది. దానికి అలవడినవారు ఒకనాడు అది దొరకకున్న వణకుదురు, మూర్ఛపోవుదురు, మతి తప్పి మాటలాడుదురు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు వలన పలువురు మరణించిరి. పొద్దంతయు సాంచెలనడుమ నిలిచిన సిరిసిల్ల కార్మికుడు మాపటివేళ అడుగునది గ్రుక్కెడు కల్లు. వానికి మందునీరు పోయుట దొంగతనము మాత్రమే కాదు, హింస. అసలు కల్లు చవి నెరిగిన నాలుక మొదటి గ్రుక్కకే అనుమానపడును. ఎరుగని నాలుకకు రక్షణ లేదు. రుచికి మాటలు కావలెననుట అలంకారశాస్త్రముకొరకు కాదు.

ఇక చెట్టుపైనున్నవాని మాట. నడుమునకు మోకు, కాళ్ళకు గుజి, మొలను కత్తి, భుజమున లొట్లు. ఇంతే వాని సరంజామా. మోకు జారినచో ప్రాణము పోవును, లేదా నడుము విరుగును. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము వారి కులదైవము పేర కాటమయ్య రక్ష అను భద్రతా పరికరములను ఈయ మొదలిడినది. ఆలస్యమైనను మంచి పని. అయినను తండ్రి పడుట చూచిన కుమారుడు చెట్టెక్కుటకు వెనుదీయుట సహజము. వానిని తప్పుపట్టు హక్కు క్రింద నిలిచి దొప్ప పట్టిన మనకు లేదు.

నేడు నాటిన తాటిగింజ కల్లునిచ్చునాటికి నేడు పుట్టిన బిడ్డ కళాశాలకు వచ్చును. ఆ బిడ్డ పరుపుతాడు అను మాటకు అర్థమడిగినప్పుడు నిఘంటువు చూపవలసివచ్చునో, చెట్టు చూపగలుగుదుమో, అది ఈ పదునైదేండ్లలో తేలును.