పెంపుడు జంతువుల వైద్యశాలలో నిపుణుల పాత్ర – విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవలసిన విషయాలు

వరి పొలాలలో సామూహిక ఎలుకల నిర్మూలన కార్యక్రమం చేపట్టినప్పుడు 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింక్ ఫాస్ఫైడ్ కలిపి విషపు ఎర తయారుచేసుకునే విధానాన్ని రైతులకు బోధిస్తున్నాం. ఎర పొట్లాలను కలుగుల లోపలే ఉంచాలని, మిగిలిన ఎరను, చనిపోయిన ఎలుకలను లోతుగా పూడ్చిపెట్టాలని కూడా చెబుతున్నాం. అయితే ఆ ఎరను రైతు ఇంటి కుక్కే తిన్నప్పుడు ఏమి చేయాలన్న విషయానికి మన శిక్షణలో తగినంత చోటు లభించడం లేదు. అటువంటి ఆపద వేళ రైతు తరచుగా ముందు ఫోన్ చేసేది ఆ మందును సిఫారసు చేసిన వ్యక్తికే.

“పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి” అన్న సమాధానం సరైనదే కాని అసంపూర్ణం. ఎంత త్వరగా తీసుకెళ్లాలి, ఏ సదుపాయం ఉన్న వైద్యశాలకు వెళ్లాలి, వెంట ఏమి తీసుకెళ్లాలి, దారిలో ఏమి చేయకూడదు అన్నవి కూడా చెప్పగలిగినప్పుడే ఆ సలహా ఉపయోగపడుతుంది. 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడే వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ, పశువైద్య విద్యలు ఒకే విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ఆ తరువాత వ్యవసాయ విద్యార్థులకు పశువైద్య శాఖలతో పరిచయం తగ్గింది. పెంపుడు జంతువుల వైద్యశాలలో ఎవరెవరు ఏయే సమస్యలు చూస్తారో, పొలం మందుల విషయంలో మనం వారికి ఏ సమాచారం అందించగలమో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం. చికిత్స నిర్ణయించే అధికారం పశువైద్యులదే.

పశువైద్యుడు, నిపుణుడు

మన దేశంలో పశువైద్య పట్టభద్రుల విద్య, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్‌తో కలిపి, అయిదున్నర సంవత్సరాలు ఉంటుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన వైద్యులే వైద్యం చేయాలి. పట్టభద్రుడైన ప్రతి పశువైద్యుడూ ఆవు, గేదె, గొర్రె, కోడి, కుక్క, పిల్లి అన్నింటి వైద్యమూ చదివినవాడే. ఆ తరువాత రెండేళ్ల స్నాతకోత్తర విద్యలో వైద్యశాస్త్రం, శస్త్రచికిత్స–రేడియాలజీ, గైనకాలజీ–ప్రసూతి శాస్త్రం వంటి శాఖలలో ప్రత్యేక శిక్షణ పొందుతారు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల బోధనా వైద్యశాలలలో ఈ మూడు శాఖల నిపుణులను చూడవచ్చు.

అమెరికాలో ఈ విభజన మరింత సూక్ష్మంగా ఉంటుంది. అక్కడ పట్టా పొందిన తరువాత ఇంటర్న్‌షిప్, సాధారణంగా మూడేళ్ల రెసిడెన్సీ పూర్తిచేసి, ఆయా నిపుణుల మండలి పరీక్షలో ఉత్తీర్ణులైనవారే తమను నిపుణులుగా చెప్పుకోగలరు. హృద్రోగం, నాడీ వ్యాధులు, కాన్సర్, నేత్రం, చర్మం, దంతం, మత్తు, అత్యవసర వైద్యం వంటివి అక్కడ వేర్వేరు శాఖలు. మన నగరాలలోని పెద్ద వైద్యశాలలూ క్రమంగా ఈ దిశగా సాగుతున్నాయి.

మొదట చూసేది సాధారణ వైద్యుడే

టీకాలు, నట్టల నివారణ, జ్వరం, వాంతులు, చిన్న గాయాలు మొదలైనవన్నీ సాధారణ వైద్యుని పరిధిలోనివి. రోగిని పరీక్షించి, ఏ నిపుణునికి పంపాలో నిర్ణయించేది కూడా ఆయనే. కుక్క పిల్లలలో రక్త విరేచనాలు కలిగించే పార్వో వ్యాధి ప్రాణాంతకమైనా, 6–8 వారాల వయసు నుండి వరుసగా వేసే టీకాలతో దానిని నివారించవచ్చు. కాబట్టి గ్రామంలోని పశువైద్యుని దాటి నేరుగా నగరంలోని నిపుణుని వెతుక్కుంటూ వెళ్లడం చాలా సందర్భాలలో కాలహరణమే అవుతుంది. విషప్రభావానికి లోనైన కుక్కకు మొదటి గంటలోనే అందే ప్రథమ చికిత్స, దూరంగా ఉన్న నిపుణుని చికిత్స కంటే విలువైనది.

వైద్య విభాగం

మూత్రపిండాలు, కాలేయం, రక్తం, జీర్ణకోశం, హార్మోన్లకు సంబంధించిన వ్యాధులు వైద్యశాస్త్ర నిపుణుల పరిధిలోకి వస్తాయి. మన ప్రాంతపు కుక్కలలో పిడుదుల ద్వారా సంక్రమించే ఎర్లికియా, బబేసియా జ్వరాలు సర్వసాధారణం. రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూసి, ప్లేట్‌లెట్ల సంఖ్యను గమనించి వీటిని గుర్తిస్తారు. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ సుమారు నాలుగు వారాలు వాడవలసి ఉండగా, కుక్క నాలుగు రోజులలో కోలుకోగానే యజమానులు మందు ఆపివేయడం వల్ల వ్యాధి తిరగబెడుతుంది.

లెప్టోస్పైరోసిస్ మన రైతులకు మరింత దగ్గరి విషయం. ఎలుకల మూత్రంతో కలుషితమైన పొలం నీటి ద్వారా ఇది కుక్కకూ, పొలంలో పనిచేసే మనిషికీ సోకుతుంది. కుక్కకు కామెర్లు, మూత్రపిండాల వైఫల్యం కనిపించి ఈ వ్యాధి నిర్ధారణ అయితే, ఆ ఇంటివారు తమ ఆరోగ్యాన్ని కూడా వైద్యునికి చూపించుకోవాలి.

శస్త్రచికిత్స, మత్తు, ప్రసూతి

ఎముకలు విరగడం, కడుపు ఉబ్బి మెలితిరగడం, పేగులలో అడ్డంకి, కణితుల తొలగింపు శస్త్ర నిపుణుల పని. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షలు కూడా మన కళాశాలలలో ఈ విభాగంతోనే ముడిపడి ఉంటాయి. ప్రతి శస్త్రచికిత్స వెనుకా మత్తు వైద్యం ఉంటుంది. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసమార్గం ఇరుకుగా ఉండటం వల్ల మత్తు ఇవ్వడంలోనూ, మెలకువ వచ్చే సమయంలోనూ ప్రత్యేక జాగ్రత్త అవసరం.

ప్రసూతి విభాగానికి వచ్చే కేసులలో ఆడకుక్కల గర్భాశయంలో చీము పట్టే పయోమెట్రా ముఖ్యమైనది. ఎదకు వచ్చిన కొన్ని వారాల తరువాత కుక్క ఎక్కువగా నీరు తాగుతూ, మేత మాని, నీరసిస్తే ఈ వ్యాధిని అనుమానించాలి. సకాలంలో గర్భాశయాన్ని తొలగిస్తే ప్రాణం నిలుస్తుంది. ముందుగానే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తే ఈ ప్రమాదం దాదాపుగా ఉండదు.

ఇతర ప్రత్యేక శాఖలు

కాన్సర్ విభాగం అనగానే అది నగర కుక్కలకే అన్న భావన ఉంది. కాని ఊరి కుక్కలలో జతకట్టడం ద్వారా వ్యాపించే జననాంగ కణితి ఈ విభాగానికి చెందిందే. ఇందులో సజీవ కాన్సర్ కణాలే ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటుకుంటాయి. జననాంగం నుండి రక్తం కారడాన్ని యజమానులు ఎదగానో, గాయంగానో భావిస్తారు. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్‌ను వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు ఇస్తే అత్యధిక శాతం కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి.

నేత్ర నిపుణులు తరచుగా చెప్పే జాగ్రత్త ఒకటుంది. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలను జంతువులకు వేయరాదు. వాటిలో స్టెరాయిడ్ ఉండి, కంటి పొరపై పుండు ఉన్నట్లయితే కన్ను చిల్లు పడే ప్రమాదం ఉంది. పిల్లులకు ప్రత్యేక వైద్యులు ఉండటానికీ కారణం లేకపోలేదు. కొన్ని మందులను నిర్విషం చేసే గ్లూకురొనైడ్ ప్రక్రియ పిల్లి కాలేయంలో బలహీనం. అందువల్ల మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లిపై పడితే వణుకు, మూర్ఛలు వస్తాయి. పత్తికో, కూరగాయలకో తెచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను పిడుదుల కోసం పెంపుడు జంతువులపై పిచికారీ చేసే అలవాటును మనం గట్టిగా ఖండించాలి.

పొలం మందుల విషప్రభావం – మన పరిజ్ఞానం అక్కరకు వచ్చే చోటు

అత్యవసర విభాగంలోని వైద్యునికి కుక్క కనిపిస్తుంది కాని అది తిన్న మందు కనిపించదు. మందు పేరు, గాఢత, రూపం, వాడిన తేదీ తెలిసినవారు రైతు, అతనికి సలహా ఇచ్చినవారు. ఈ సమాచారం చికిత్సను ఎలా మారుస్తుందో మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది జింక్ ఫాస్ఫైడ్. ఇది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. చాలా జంతువులలో కిలో శరీర బరువుకు 20–40 మి.గ్రా. ప్రాణాంతక మోతాదు. 2 శాతం ఎర 50 గ్రాములలో 1 గ్రాము మందు ఉంటుంది. 10 కిలోల కుక్క ఆ ఎర తింటే కిలోకు 100 మి.గ్రా. చేరినట్లే. దీనికి విరుగుడు లేదు. లక్షణాలు సాధారణంగా కొద్ది గంటలలోనే మొదలవుతాయి. “ఖాళీ కడుపుతో ఎందుకు” అని అన్నం పెట్టి తీసుకెళ్లడం ప్రమాదకరం, ఎందుకంటే ఆహారం ఆమ్లం ఊరడాన్ని పెంచుతుంది. కుక్క వాంతి చేసుకుంటే వెలువడే వాయువు మనుషులకూ హానికరం కనుక వాహనం కిటికీలు తెరిచి ఉంచాలి, మందు పేరు వైద్యశాలకు ముందే ఫోన్‌లో చెప్పాలి.

రెండవది బ్రోమోడయోలోన్. ఇది విటమిన్ కె పునరుత్పత్తిని అడ్డుకొని రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎర తిన్న తరువాత రెండు మూడు రోజులు కుక్క మామూలుగానే తిరుగుతుంది. ఆ తరువాత చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుండి రక్తం, నల్లని మలం, ఆయాసం కనిపిస్తాయి. అప్పటికి యజమాని ఎర సంగతే మరచిపోయి ఉంటాడు. దీనికి విరుగుడు ఉంది. విటమిన్ కె1 ను కొన్ని వారాలపాటు ఇచ్చి, ఆపిన 2–3 రోజులకు రక్తం గడ్డకట్టే సమయాన్ని మళ్లీ పరీక్షిస్తారు. కాబట్టి కుక్క బాగానే ఉన్నా, ఎర తిన్నట్లు తెలిసిన రోజే వైద్యునికి చూపించాలి. నేరుగా వాడే 0.005 శాతం ఎర తిన్నదా, ఇంట్లో నిల్వ ఉంచిన 0.25 శాతం గాఢ మందు తిన్నదా అన్నదీ చెప్పాలి. రెండవది 50 రెట్లు బలమైనది.

మూడవది పురుగు మందులు. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు రెండూ ఒకే విధమైన లక్షణాలు కలిగిస్తాయి: చొంగ, కన్నీరు, విరేచనాలు, కుంచించుకుపోయిన కనుపాప, కండరాల వణుకు. రెండింటికీ అట్రోపిన్ ఇస్తారు. అయితే ఆర్గానోఫాస్ఫేట్‌కు ప్రాలిడాక్సిమ్ కూడా తొలి గంటలలో ఉపయోగపడుతుంది, కార్బమేట్లకు సాధారణంగా దాని అవసరం ఉండదు. క్లోరిపైరిఫాస్ అని డబ్బా చూపిస్తే ఈ సందేహం క్షణంలో తీరుతుంది. మందు రూపం కూడా ముఖ్యమే. ఇ.సి. ద్రావకాలలో పెట్రోలియం ద్రావణి ఉంటుంది కనుక బలవంతంగా వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తులలోకి చేరి న్యుమోనియాకు దారితీస్తుంది. ఉప్పునీళ్లు, నూనె, పాలు పట్టించడం వంటి ఇంటి వైద్యాలు చేయరాదు. ఉప్పే ఎక్కువై విషంగా మారవచ్చు. నూనె, పాలు కొన్ని మందుల శోషణను పెంచుతాయి.

అందువల్ల రైతుకు మనం చెప్పవలసినవి ఇవి:

1. మందు డబ్బా, పొట్లం, కరపత్రం పారవేయకుండా వెంట తీసుకెళ్లాలి, లేదా వాటిపై ఉన్న వివరాలను ఫొటో తీసి పంపాలి. విరుగుడు వివరం వాటిపైనే ముద్రించి ఉంటుంది.
2. తిన్న సమయం, సుమారు పరిమాణం, కుక్క బరువు, ఇప్పటివరకు కనిపించిన లక్షణాలు చెప్పాలి.
3. ఒంటిపై మందు పడితే చేతులకు తొడుగులు వేసుకొని సబ్బు నీటితో కడగాలి.
4. వైద్యుడు చెప్పనిదే వాంతి చేయించరాదు, నోట ఏమీ పోయరాదు.
5. నిషేధిత మందు వాడినా, కాలం చెల్లిన మందు వాడినా దాచకుండా చెప్పాలి. ఆ వివరం చికిత్స కోసమేనని రైతుకు మనమే భరోసా ఇవ్వాలి.

చొంగ కార్చే కుక్క – ఒక హెచ్చరిక

చొంగ కారడం పురుగు మందు వల్ల కావచ్చు, గొంతులో ఎముక చిక్కుకోవడం వల్ల కావచ్చు, రేబిస్ వల్ల కూడా కావచ్చు. రేబిస్‌లో అన్ని కుక్కలూ మీదపడి కరవవు. దవడ, గొంతు కండరాలు చచ్చుబడి, నోరు తెరుచుకొని మౌనంగా ఉండే రూపం కూడా ఉంది. ఎముక అడ్డుపడిందనుకొని నోట్లో చేయి పెట్టినవారు ప్రాణాపాయానికి గురవుతారు. లక్షణాలు మొదలైన రేబిస్‌ను నయం చేయగల నిపుణుడు ఏ వైద్యశాలలోనూ లేడు. కాటు వేసినా, చొంగ గాయానికి తగిలినా 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, వెంటనే మనుషుల ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి. పెంపుడు కుక్కకు సాధారణంగా మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తరువాత వైద్యుడు సూచించిన విధంగా బూస్టర్లు వేయించాలి.

ముగింపు

పెంపుడు జంతువుల వైద్యంలో శాఖలు పెరుగుతున్న కొద్దీ, సరైన రోగి సరైన సమయానికి సరైన చోటికి చేరడం కీలకమవుతుంది. ఆ దారిలో విస్తరణ శాస్త్రవేత్తకూ పాత్ర ఉంది. ఎలుకల నిర్మూలన, సస్యరక్షణ శిక్షణలలో స్థానిక పశువైద్యాధికారిని భాగస్వామిగా చేసుకోవాలి, ఎర పెట్టే తేదీని, వాడే మందును ఆయనకు ముందే తెలియజేయాలి. ఎర పెట్టిన రోజులలో కుక్కలను కట్టి ఉంచమని గ్రామంలో చాటింపు వేయించాలి. మనం సిఫారసు చేసే ప్రతి మందుతో పాటు, అది పొరపాటున మరొక ప్రాణి కడుపులోకి చేరితే ఏమి చేయాలన్న సూచన కూడా కరపత్రంలో ఉండాలి. ఆ రెండు వాక్యాలు చేర్చే వరకు మన సిఫారసు పూర్తయినట్లు కాదు.